షెడ్డులో కారు ఎందుకు ముసలిదవుతుంది?

కార్ల పిచ్చి ఉన్న మనిషిని కదిపితే రెండు జాబితాలు చదువుతాడు. ఒకటి ఇప్పుడు ఇంట్లో ఉన్న బళ్ళది, అది చిన్నది. రెండోది ఎప్పటికైనా కొనాల్సిన వాటిది, దానికి అంతు ఉండదు. అనకాపల్లిలో అలాంటి మనిషి ఒకడున్నాడనుకుందాం. బెల్లం వ్యాపారమో, అచ్యుతాపురం ఫ్యాక్టరీలో ఉద్యోగమో, ఏదో ఒకటి. వాకిట్లో రోజూ తిరిగే కొత్త పెట్రోలు కారు ఉంది. పక్కన రేకుల షెడ్డులో తండ్రి కొన్న మారుతి 800 ఉంది, ఏపీ 31 నంబరుతో, కార్బొరేటర్ కాలం నాటిది. ఇక రెండో జాబితాలో ఒక అంబాసిడర్, ఒక ప్రీమియర్ పద్మిని, నల్ల కాంటెస్సా, మొదటి తరం టాటా సియర్రా, వీలైతే ఒక జీపు. డబ్బు సంగతి అతను చూసుకుంటాడు. మనకు కావాల్సింది వేరే. ఈ బళ్ళన్నీ తెచ్చి అనకాపల్లిలో ఒక కప్పు కింద నిలబెడితే వాటిలోని ఇనుము, రబ్బరు, పెట్రోలు, సీసం, ఆయిలు ఏమవుతాయి?

తిరిగితే కారు అరుగుతుందని అందరికీ తెలుసు. మీటరు తక్కువ తిరిగిన సెకండ్‌హ్యాండ్ బండికి ఎక్కువ రేటు పలికేది అందుకే. తిరగని కారూ పాడవుతుంది. కొన్ని భాగాల్లో తిరిగే కారు కంటే ముందే పాడవుతుంది. దానికి కారణం రాపిడి కాదు, రసాయన చర్య. దానికి మీటరు ఉండదు.

దీనికి మన దగ్గరున్న పెద్ద సాక్ష్యం హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది, బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దీన్ని ఆర్డరిచ్చాడు, కానీ 1911లోనే ఆయన పోయాడు, కారు ఆ తర్వాత వచ్చింది. ఉత్సవాలకు తప్ప దాన్ని బయటికి తీసిందే తక్కువ. దశాబ్దాల పాటు ఉన్నా తిరిగింది కొన్ని వందల మైళ్ళే. అనకాపల్లిలో ఒక కొత్త టాక్సీ నెల తిరక్కుండానే అంతకు మించి తిరుగుతుంది. రాపిడి లెక్కన చూస్తే అది దాదాపు షోరూమ్ బండి. అయినా ఇప్పుడు చూసేవాళ్ళు ముచ్చటపడే స్థితికి రావడానికి దాన్ని పూర్తిగా బాగుచేయించాల్సి వచ్చింది. నిజాంకు షోఫర్ల కొదవ లేదు, షెడ్ల కొదవా లేదు. పైగా హైదరాబాద్ దక్కన్ పీఠభూమి మీది పొడి ఊరు. మన కథానాయకుడి షెడ్డు ఉన్నది సముద్రం పక్కన.

పూడిమడక తీరం నుంచి అనకాపల్లికి తిన్నగా కొలిస్తే పాతిక కిలోమీటర్ల లోపే. అలలు విరిగినప్పుడల్లా సన్నటి ఉప్పునీటి తుంపర గాలిలోకి లేస్తుంది. అందులో పెద్ద బిందువులు తీరం దగ్గరే రాలిపోతాయి. అందువల్ల ఒడ్డు నుంచి మొదటి కిలోమీటరు దాటేసరికి ఇనుము మీద పడే ఉప్పు బాగా తగ్గిపోతుంది. విశాఖ బీచ్ రోడ్డులో బాల్కనీ గ్రిల్లు మూడేళ్ళకే పొరలూడి, అనకాపల్లిలో అదే గ్రిల్లు పదేళ్ళు నిలిచిందంటే తేడా ఇదే. కానీ ఉప్పు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. తుపాను వస్తే ఆ లెక్కలన్నీ తారుమారవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది విశాఖ దగ్గరే. అలాంటి గాలి ఉప్పు తుంపరను చాలా దూరం లోపలికి తోసుకొస్తుంది. అది డోరు కింది అంచుల్లో, చక్రాల పైని మడ్‌గార్డు మడతల్లో చేరి కూర్చుంటుంది. పైపైన నీళ్ళు కొట్టి కడిగితే రాదు.

ఉప్పు దానంతట అది ఇనుమును తినదు. నీటిని పట్టి ఉంచుతుంది, అసలు కిటుకంతా అక్కడుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే వంటింటి ఉప్పు గాలిలోంచి నీళ్ళు లాక్కుని తనే కరిగిపోతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా అడుగున చెమ్మ కనిపించేది దానివల్లే. కారు ఇనుప రేకు మీద కంటికి ఆనని ఉప్పు పొర ఉన్నా ఇదే జరుగుతుంది. మన తీరంలో ఏడాదిలో చాలా రోజులు, ముఖ్యంగా రాత్రుళ్ళు, గాలిలో తేమ 75 దాటే ఉంటుంది. అంటే వాన పడకపోయినా, మంచు కురవకపోయినా ఆ రేకు మీద పల్చటి ఉప్పునీటి పొర ఆరకుండా ఉంటుంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. అలా రేకు మీదే చిన్న బ్యాటరీలాంటి ఏర్పాటు తయారవుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది. పక్కన ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. రెండూ కలిసిన చోట తుప్పు పడుతుంది.

తుప్పుకు ఇంకో గుణం ఉంది. అది పుట్టిన ఇనుము కంటే కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు స్పాట్ వెల్డింగుతో అతికిన చోట, వాటి మధ్య తుప్పు మొదలైతే అది ఉబ్బి రేకులను విడదీస్తుంది. విడిపోయిన సందులోకి మరింత నీరు దిగుతుంది. పెయింటు మీద చిన్న పొక్కు కనిపించేసరికి లోపల పని సగం అయిపోయి ఉంటుంది. టింకరింగ్ చేసేవాళ్ళు ఆ పొక్కును గోటితో నొక్కి చూసి పెదవి విరిచేది దీనికే.

మరి కవరు కప్పితే? కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ప్రేమతో చేసే తప్పుల్లో ఇదొకటి. ఆరుబయట పెట్టిన కారు రాత్రి ఆకాశంలోకి వేడిని వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. గాలి 27 డిగ్రీల దగ్గర, తేమ 80 శాతంతో ఉందనుకోండి. ఆ గాలి 23 డిగ్రీలకు చల్లబడితే చాలు, ఆవిరి నీరై దిగుతుంది. తెల్లారి బోనెట్ మీద వేలితో పేరు రాయగలిగేంత చెమ్మ ఉండేది అందుకే. కవరు లేకపోతే ఎండ ఎక్కగానే ఆరిపోతుంది. ప్లాస్టిక్ కవరు కింద అయితే ఆ నీరు మధ్యాహ్నం దాకా అక్కడే ఉడుకుతుంది. నన్నడిగితే నాలుగు వైపులా గాలి ఆడే కప్పు చాలు, కవరే వద్దు. కప్పు ఆకాశానికీ కారుకూ మధ్య అడ్డం పడుతుంది కాబట్టి కారు అంతగా చల్లబడదు. షెడ్డు మూసి ఉంచాల్సిందేనంటే ఇంకో ఉపాయం ఉంది. లోపలి గాలిని 27 నుంచి 32 డిగ్రీలకు వేడిచేస్తే అందులో నీరు గ్రాము కూడా తగ్గదు, కానీ 80 శాతంగా ఉన్న తేమ 60కి పడిపోతుంది. వేడిగాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు, కాబట్టి ఉన్న ఆవిరి తక్కువ శాతమవుతుంది. ఉప్పు తిరిగి ఆరిపోవడానికి అది చాలు. ఉక్కపోతలో షెడ్డుకు హీటరు పెట్టమంటే ఇంట్లోవాళ్ళు ఏమంటారన్నది వేరే విషయం.

ఇంత చెప్పాక పెట్రోలు దగ్గరికి రావాలి. ఇక్కడే అనకాపల్లికి కార్లతో అసలు చుట్టరికం ఉంది.

మన మనిషి ట్యాంకులో పోయించే పెట్రోలు పక్కనే విశాఖలోని మల్కాపురం రిఫైనరీ నుంచి వచ్చి ఉండవచ్చు. కాల్టెక్స్ కంపెనీ 1957లో మొదలుపెట్టిన ఆ రిఫైనరీ ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియంది. కానీ ఆ పెట్రోలులో ఐదో వంతు భూమి లోపలి నుంచి వచ్చింది కాదు, పొలం నుంచి వచ్చింది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో సగటున పది శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం కలిపిన ఈ20 అమ్మకం మొదలైంది, 2025కల్లా బంకుల్లో అదే మామూలు పెట్రోలు అయిపోయింది. ఇథనాల్‌ను చెరకు రసం నుంచి, చక్కెర మిల్లు మొలాసిస్ నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీస్తారు. చెరకు అనగానే ఈ ఊరు గుర్తొస్తుంది. 1913 నుంచి చెరకు మీద పరిశోధన చేస్తున్న కేంద్రం ఇక్కడుంది. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడుంది.

లెక్క ఒకటి వేద్దాం. చక్కెరను ఈస్ట్ పులియబెట్టినప్పుడు బరువులో సగానికి కొంచెం పైన ఇథనాల్‌గా మారుతుంది, మిగిలింది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. కిలో చక్కెర నుంచి మహా అయితే 0.68 లీటరు. మార్కెట్ యార్డులో పది కిలోల బెల్లం దిమ్మను తీసుకుంటే అందులో ఎనిమిది కిలోలు చక్కెర అనుకోవచ్చు. నష్టాలు పోను ఐదు లీటర్ల ఇథనాల్ వస్తుంది. ముప్పై లీటర్ల ట్యాంకు ఈ20తో నింపితే అందులో ఆరు లీటర్లు ఇథనాల్, అంటే ఒక దిమ్మ, మీద ఇంకో ముక్క. అనకాపల్లి బెల్లాన్ని ఎవరూ పెట్రోలులో కలపరు, అది గిట్టుబాటు కాదు. బెల్లం నుంచి సారాయం తీసే విద్య ఉన్నవాళ్ళు వేరే ఉన్నారు. నాటుసారా బట్టీల పుణ్యమా అని నల్లబెల్లం అమ్మే వ్యాపారి ఎక్సైజ్ వాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. రసాయనం మాత్రం రెండు చోట్లా ఒక్కటే. విచిత్రమేమిటంటే పెట్రోలులో చెరకు వాటా పెరిగిన ఈ కాలంలోనే ఈ జిల్లాలో చెరకు సాగు తగ్గింది, తుమ్మపాల చక్కెర మిల్లు మూతపడింది.

ఇథనాల్ తన అణువులోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది. అంటే అది కొంత ముందే కాలి ఉన్నట్టు. అందువల్ల రెండు ఫలితాలు. ఒకటి, లీటరుకు శక్తి తక్కువ: పెట్రోలుకు సుమారు 32 మెగాజౌళ్ళు, ఇథనాల్‌కు 21. ఇరవై శాతం కలిపితే లీటరుకు ఏడు శాతం దాకా తగ్గుతుంది. పదిహేను కిలోమీటర్లిచ్చే బండి పద్నాలుగిస్తుంది. మైలేజీ పడిపోయిందని బంకువాణ్ణి తిట్టేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి, అయితే మైలేజీ సగానికి పడిందనే కబుర్లు నమ్మక్కర్లేదు.

రెండోది పాత బండికి ముఖ్యం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌కు తొమ్మిది చాలు. ఈ20కి ఆ సంఖ్య 13.5 దగ్గర పడుతుంది. కొత్త కారులో సైలెన్సర్ గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సరు దీన్ని పసిగట్టి ఇంజెక్టర్లను కొంచెం ఎక్కువసేపు తెరిపిస్తుంది. డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. తండ్రిగారి మారుతి 800లో అలాంటి తెలివి లేదు. కార్బొరేటర్‌లో ఇత్తడి జెట్ ఉంటుంది, దానికి సన్నటి రంధ్రం. అచ్చమైన పెట్రోలు రోజుల్లో తూచి వేసిన రంధ్రమది. అది అంతే ఇంధనం వదులుతుంది, గాలి మాత్రం దాదాపు ఎనిమిది శాతం ఎక్కువైపోతుంది. పొద్దున్నే చోక్ లాగినా సణుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం ఊపిరి ఆగినట్టు ఆగి తర్వాత కదులుతుంది. పాత మెకానిక్‌కు ఇది చెప్పక్కర్లేదు. జెట్ విప్పి ఒక సైజు పెద్దది బిగిస్తాడు. పుస్తకంలో రాసి లేని ఈ సవరణ రసాయన శాస్త్రం ప్రకారం ముమ్మాటికీ సరైనదే.

తిరిగే బండి అయితే కథ అక్కడితో ముగిసేది. నిలబడిన బండికి ఇంకొకటి ఉంది. ఇథనాల్‌కు నీళ్ళంటే ప్రాణం. మామూలు పెట్రోలు నీటిని దాదాపు కలుపుకోదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను కొంత మేర తనలో కలిపేసుకుంటుంది. ఇది ఒక హద్దు దాకా మంచిదే, ఎందుకంటే ట్యాంకులో చేరిన చుక్కా చెమ్మా ఇంధనంతో పాటే కాలిపోతాయి. పది శాతం ఇథనాల్ ఉంటే ఆ హద్దు అర శాతం నీరు, ఇరవై అయితే ఇంకొంచెం ఎక్కువ. హద్దు దాటిందా, ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. పాత బండి ట్యాంకు పగలు వేడికి గాలిని బయటికి వదిలి, రాత్రి చల్లబడి లోపలికి పీలుస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు శారదా నది ఒడ్డున ఒక వానాకాలమంతా ఇలా శ్వాసిస్తే పీల్చేది చెమ్మగాలే. పెట్రోలు లాగే గొట్టం మూతి ఎక్కడుంటుంది? ట్యాంకు అడుగున. దసరాకు ఆయుధపూజ చేద్దామని కీ తిప్పితే ఇంజిన్‌కు మొదట అందేది ఆ నీళ్ళ ఇథనాలే. కాబట్టి నిలిపే బండికి ట్యాంకు నిండా పోయించి నిలపాలి. ఖాళీ ఎంత తక్కువుంటే అంత తక్కువ గాలి పీలుస్తుంది.

అదే ద్రవం కార్బొరేటర్‌లోని జింకు, అల్యూమినియం మిశ్రమ లోహాన్ని కొరికి తెల్లటి పొడి చేస్తుంది. ఆ పొడి వెళ్ళి జెట్‌లో ఇరుక్కుంటుంది. పాత రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి, ఆరితే పగుళ్ళిస్తాయి. పెట్రోలు కారే పైపు వేడి ఇంజిన్ పక్కన ఉండటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఇది మనకే కొత్తగా వచ్చిన సమస్య కాదు. బ్రెజిల్ 1975లోనే చెరకు ఇథనాల్ పథకం మొదలుపెట్టింది. 1979లో అక్కడ ఫియట్ 147 పూర్తిగా ఇథనాల్‌తో నడిచే కారుగా బజారులోకి వచ్చింది. అక్కడి కంపెనీలు చేసిన మొదటి పనుల్లో ఒకటి కార్బొరేటర్లకు నికెల్ పూత పూయడం. మన దగ్గర 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో రబ్బర్లు, సీళ్ళు ఈ20ని తట్టుకునేవి. అంతకు ముందు బళ్ళకు, ముఖ్యంగా 2000కు ముందు వాటికి, పైపులన్నీ ఒకసారి మార్పించడం దండగ ఖర్చేమీ కాదు. ఫ్లోరోఎలాస్టొమర్ అనే రకం రబ్బరు ఇథనాల్‌కు లొంగదు. అడిగి అదే వేయించాలి.

వేసవిలో అంబాసిడర్‌కూ పద్మినికీ ఇంకో పాత జబ్బు ఉంది. ఇథనాల్ కలిశాక ముదిరింది. ఇంజిన్‌కు ఆనుకుని ఉండే పెట్రోలు పంపును మన మెకానిక్‌లు ఏసీ పంపు అంటారు. ఎండలో నడిచి ఆగిన బండిలో ఇంజిన్ వేడికి ఆ పంపులోని పెట్రోలు ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. బండి స్టార్టవదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇంకొంచెం సులువుగా ఆవిరవుతుంది. దీనికి మందు హైవే డ్రైవర్లందరికీ తెలుసు: బోనెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేయడం. ఇక్కడ ఒక చిన్న ప్రశ్న. ఉక్కపోత రోజున మన ఊళ్ళో కూలరు పనిచేయదు కదా, తడిగుడ్డ ఎలా పనిచేస్తుంది? కూలరు చల్లబరచాల్సింది గది గాలిని, దాని నిండా ముందే ఆవిరి ఉంది. పంపు పైభాగం ఎంతో వేడిగా ఉంటుంది. ఆ వేడి దగ్గర గుడ్డలోని నీరు చుట్టూ గాలి ఎంత చెమ్మగా ఉన్నా ఆవిరవుతుంది, పోతూ పోతూ పంపు వేడిని పట్టుకుపోతుంది. ఐదు నిమిషాల్లో బండి కదులుతుంది.

ఇక ఆదివారం స్టార్టు. బండి నిలబెట్టి ఉంచితే వారానికోసారి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేస్తే చాలనేది షెడ్డులన్నిటా వినిపించే మాట. ఈ అధ్యాయంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: అది మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది. పెట్రోలులో హైడ్రోజన్ ఉంది, అది కాలితే నీరవుతుంది. లీటరు పెట్రోలు పూర్తిగా కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. గాలిలోని ఆక్సిజన్ బరువు కూడా కలిసింది కాబట్టి ఇందులో వింతేమీ లేదు. నిలబడి ఉన్న ఇంజిన్ పది నిమిషాల్లో వంద మిల్లీలీటర్ల పైన పెట్రోలు తాగుతుంది, దాదాపు అంతే నీటిని ఇస్తుంది. సైలెన్సర్ బాగా కాగితే అది ఆవిరిగా బయటికి పోతుంది. పది నిమిషాల ఐడిల్‌కు సైలెన్సర్ వెనక భాగం అంతగా కాగదు. ఆవిరంతా అక్కడే నీరై నిలుస్తుంది. సైలెన్సర్లు బయటి నుంచి కాక లోపలి నుంచి తుప్పు పట్టి ఊడిపోయేది ఇందువల్లే. కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి ఇంజిన్ ఆయిలులో కలుస్తుంది. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తుంది. తీస్తే బండిని రోడ్డు మీదికే తీయాలి. చోడవరం దాకా వెళ్ళొస్తే ఆయిలు కాగుతుంది, సైలెన్సర్ ఆరుతుంది, బ్రేకు డిస్కుల మీది తుప్పు రాలిపోతుంది. అంత తీరిక లేకపోతే ముట్టుకోకుండా వదిలేయడమే నయం.

బ్యాటరీ కోసమే స్టార్ట్ చేస్తున్నామంటారు కొందరు. పది నిమిషాల ఐడిల్ సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన ఛార్జీని తిరిగి తేవడానికే అంతంత మాత్రం. ఇక్కడ పాత కారు కొత్త కారు కంటే మేలు. పాత బండిలో తాళం తీస్తే దాదాపు అన్నీ ఆగిపోతాయి. కొత్త బండిలో రిమోట్ తాళం కోసం కాచుకునే రిసీవరు, అలారం, గడియారం, కంప్యూటరు జ్ఞాపకం నిరంతరం బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. 40 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండున్నర వారాల్లో సగం ఖాళీ. అలా ఖాళీగా వదిలితే సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా కరగదు. నెల్లాళ్ళు ఊరెళ్ళేవాళ్ళు నెగటివ్ తీగ విప్పేసి పోవడం మంచిది.

టైర్ల గురించి రెండు మాటలు. అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ళ ఏటీసీ టైర్ల ఫ్యాక్టరీ 2022లో తెరుచుకుంది. అక్కడ పొలాలకు, గనులకు పనికొచ్చే పెద్ద టైర్లు చేస్తారు. రబ్బరు శాస్త్రం మాత్రం అన్నిటికీ ఒక్కటే. గాలిలోని ఓజోన్ రబ్బరు గొలుసులను తెంపుతుంది. అందుకని రబ్బరులో మైనం, ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే అవి లోపలి నుంచి పైకి ఊరి కవచంలా పరుచుకుంటాయి. కదలని టైరులో ఆ ఊట తగ్గిపోతుంది, పక్కగోడల మీద సన్నటి బీటలు వస్తాయి. టైరు మీద ఉన్న కోడులో చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారైంది. టైరు ఎంత నిగనిగలాడినా నమ్మాల్సింది ఆ అంకెలనే.

బ్రేకు ఆయిలు విషయంలో తొందర లేదనుకుంటారు, నిజానికి ప్రాణం మీదికి తెచ్చేది అదే. అది కూడా ఇథనాల్‌లాగే చెమ్మను పీలుస్తుంది, రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల పైన గానీ మరగదు. నూటికి 3.7 వంతు నీరు చేరితే 140 దగ్గరే మరగవచ్చు. ఊళ్ళో తిరిగినన్నాళ్ళు తేడా కనపడదు. చలికాలంలో సరదాగా నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి, దిగేటప్పుడు ఘాట్‌లో బ్రేకు నొక్కి పట్టుకుంటే చక్రాల దగ్గర వేడి అమాంతం పెరుగుతుంది. ఆయిల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు గానీ ఆవిరి నలుగుతుంది. పెడల్ మెత్తగా కిందికంటా వెళ్ళిపోతుంది, బండి ఆగదు. కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్ళకోసారి బ్రేకు ఆయిలు మార్చమనేది అందుకే. షెడ్డులో నిలబడిన కారు ఈ విషయంలో తిరిగే కారుతో సమానంగా పాడవుతుంది.

ఇప్పుడు రెండో జాబితా తీద్దాం. మన మనిషి వారాంతాల్లో రెండు వందల కిలోమీటర్లు సరదాగా నడుపుతాడనుకుందాం. రెండు బళ్ళుంటే ఒక్కోదానికి వంద వస్తాయి. ఎనిమిదుంటే పాతిక. ఆ పాతికా ఒక్క విడతలో అయితే ఫరవాలేదు, కూరగాయలకు ఒకసారి, గుడికి ఒకసారి అని ముక్కలైతే ఒక్క ఇంజిన్ కూడా సరిగ్గా కాగదు. ఉన్నవాటి సంఖ్య పెరిగేకొద్దీ ప్రతి బండీ నిజాం రోల్స్‌రాయిస్ దారి పడుతుంది. పెద్ద సేకరణలున్నవాళ్ళు తేమ లాగే యంత్రాలు, ఛార్జర్లు, జీతానికి మెకానిక్‌లు పెట్టుకునేది ఈ లెక్క తప్పించుకోలేకే. రేకుల షెడ్డులో ఒకరిద్దరి చేతుల మీద నడిచే పనికి మూడు, మహా అయితే నాలుగు బళ్ళు.

నాలుగే అంటే ఏవి? కాంటెస్సా మీద మోజు అర్థమవుతుంది, 1984 నుంచి 2002 దాకా వచ్చిన ఆ పొడవాటి బోనెట్ ఇప్పటికీ తలతిప్పి చూసేలా చేస్తుంది. కానీ దాని స్పేర్ల కోసం దేశమంతా గాలించాలి. 1991 నాటి సియర్రాది వెనక వంపు అద్దమే అందం, అదే దిగులు కూడా. అది పగిలితే అలాంటిది ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? 2025 చివర్లో టాటావాళ్ళు సియర్రా పేరుతో కొత్త కారు తెచ్చారు, ఆ ఆకారం మీదే మనసున్నవాడు దానితో తృప్తి పడవచ్చు. అంబాసిడర్ 1950ల చివర నుంచి 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైంది. దాని రేకు మందం, భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, విప్పి బిగించగల చేతులు ఇంకా ఉన్నాయి. దాని పాత పెట్రోలు ఇంజిన్‌కు ఒత్తిడి నిష్పత్తి తక్కువ కాబట్టి ఇథనాల్ ఇచ్చే ఎక్కువ ఆక్టేన్ వల్ల ఒరిగేదేమీ లేదు. 2000లో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయాక ఆ తరం ఇంజిన్ల వాల్వు సీట్లు త్వరగా అరగడం కూడా నిజమే, కానీ వారానికి యాభై కిలోమీటర్లకు అది భయపడాల్సిన విషయం కాదు. నా ఓటు మాత్రం పద్మినికి. చిన్నది, తేలిక, 1089 సీసీ ఇంజిన్ ముందు ఒక మనిషి నిలబడి అన్నీ చేత్తో అందుకోవచ్చు.

వయసు యాభై దాటిన బండి అయితే ఇంకో మెలిక ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బళ్ళకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అసలు రూపం పెద్దగా మార్చని, యాభై ఏళ్ళు దాటిన కారుకు నంబరు పలక మీద వీఏ అక్షరాలతో రిజిస్ట్రేషన్ ఇస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు రోడ్డెక్కవచ్చు. రోజువారీ వాడకానికి కుదరదు. ఈ అధ్యాయం కోణంలో చూస్తే ఆ నియమం కారును కాపాడుతుందో, షెడ్డులో కూర్చోబెట్టి తుప్పు పట్టిస్తుందో చెప్పడం కష్టం. అందుకే 1980ల చివరి పద్మిని అయితే మంచిది, మామూలు రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి పొడిగించుకుంటూ నడుపుకోవచ్చు.

కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్ పెట్టుకోండి. అమ్మేవాడు కొత్త పెయింటు చూపిస్తాడు. మీరు అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి చక్రాల పై అంచుల వెంట, డోర్ల కింది భాగాల వెంట నడపండి. ఇనుముంటే పట్టుకుంటుంది, తుప్పు తిన్న కన్నాలను పుట్టీతో పూడ్చి రంగేసిన చోట జారి పడుతుంది. తర్వాత డ్రైవరు కాళ్ళ కింద మ్యాటు ఎత్తించండి, డిక్కీలో స్టెప్నీ తీయించి దాని గుంట చూడండి. నీరు చేరితే ఎటూ పోలేని చోట్లు అవే. స్క్రూడ్రైవర్ పిడితో తడితే టంగుమనాలి. మందంగా, తడి అట్టను కొట్టినట్టు వినిపిస్తే ఆ బండి విశాఖ బీచ్ రోడ్డు నుంచి వచ్చిందేమో అడగండి.